పరిజ్ఞానం బదిలీ అయినది – ఉద్యోగం ఎవరికి?



గత మాసంలో ఒక బ్రాంచి సమావేశం ముగిసి అందరూ లేస్తున్న వేళ, ముప్ఫై యేండ్లుగా పట్టాలపై పనిచేస్తున్న ఒక ట్రాక్‌మెయింటెయినర్ సోదరుడు నా చేతిలో ఒక కాగితం వుంచాడు. "అన్నా, యిది మా అమ్మాయికి పనికివచ్చే ఉద్యోగమేనా, నీవు చదివి చెప్పు" అన్నాడు. అమ్మాయి రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సి. చేసింది. కాగితం ఒక ప్రభుత్వ పరిశోధనాలయం వెలువరించిన ప్రకటన. పైన పెద్ద అక్షరాలలో శాస్త్ర పరిశోధన, సాంకేతిక పరిజ్ఞాన బదిలీ రంగాలలో అవకాశాలు అని వున్నది. అడుగున చిన్న అక్షరాలలో అసలు సంగతి వున్నది. నియామకం పూర్తిగా తాత్కాలికం. ప్రాజెక్టు ముగిసిన నాడు ఉద్యోగం ముగుస్తుంది. క్రమబద్ధీకరణ కోరే హక్కు అభ్యర్థికి వుండదు.

ఆ అమ్మాయికి యిది మొదటి అనుభవం కాదు. అంతకు ముందు వేరొక పరిశోధనాలయంలో రెండేండ్లు యిటువంటి నియామకంపైనే పనిచేసింది. ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే ఒక పూతపై పని. పూత సిద్ధమయినది, ఒక ప్రైవేటు కంపెనీకి పరిజ్ఞానం బదిలీ చేశారు, ఫోటోలు దిగారు. ఆ వారంలోనే ఆమెను పని నుండి విడుదల చేశారు. ఏ వేడి దగ్గర పూత పగులుతుంది, ఏ పాళ్ళలో కలిపితే రాలిపోతుంది అన్న వివరాలన్నీ రాసుకున్న నోటు పుస్తకాన్ని రసీదు యిచ్చి తీసుకున్నారు. మూడు నెలల తరువాత ఆ కంపెనీవారికి పూత కుదరలేదు. పరిశోధనాలయానికి ఫోను చేశారు. అక్కడ వారికి జవాబు చెప్పగలవారు ఎవరూ లేరు. జవాబు తెలిసిన మనిషి రైల్వే క్వార్టర్లో తల్లికి వంటలో సాయం చేస్తూ, పోటీ పరీక్షల పుస్తకాలు చదువుకుంటున్నది.

నేను ఆ సోదరునికి ఏమని చెప్పాను? దరఖాస్తు పెట్టించమనే చెప్పాను. ఆకలితో వున్నవారికి విస్తరిలో సగమే వడ్డించారని వంక పెట్టి లేవమనడం నాయకత్వం కాదు. కాని ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో ఈ వ్యాసం రాయవలెనని నిశ్చయించుకున్నాను.

మన మిత్రులు కొందరు అడుగుతారు: "శాస్త్రవేత్తల ఉద్యోగాల గోల మనకెందుకు? మన కరువు భత్యం, మన పెన్షను, మన ఖాళీల భర్తీ – యివి చాలవా?" ఈ ప్రశ్నకు మన రైల్వే చరిత్రే సమాధానం చెబుతుంది.

వారణాసిలో డీజిల్ ఇంజన్ల కర్మాగారం 1961లో నెలకొన్నది. పరిజ్ఞానం అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీది. 1964 జనవరిలో మొదటి ఇంజను జాతికి అంకితమయినది. అయిదేండ్లు తిరిగేసరికి, 1969లో, ఆ ఆల్కో కంపెనీ ఇంజన్ల తయారీనే విరమించుకున్నది. నేర్పినవాడు దుకాణం మూసుకున్నాడు. నేర్చుకున్నవాడు మాత్రం ఆగలేదు. డబ్ల్యు.డి.ఎం.–2 పేరుతో ఆ ఇంజన్లు రెండు వేలకు పైగా వారణాసిలో తయారయినాయి. కాజీపేట, గుత్తి షెడ్లలో వాటిని విప్పి బిగించిన చేతులు యిప్పటికీ మన పెన్షనర్ల సంఘాలలో వున్నాయి. ఇంధనం ఆదా చేసే మార్పులు, శక్తిని పెంచే మార్పులు దశాబ్దాల పాటు జరిగాయి. ఆల్కో వారు వచ్చి చేయలేదు. చేయడానికి వారు లేరు కూడా.

ఇది ఎట్లా సాధ్యమయినది? వారణాసిలో శాశ్వత ఉద్యోగులతో డిజైన్ విభాగం వున్నది. లక్నోలో 1957లో ఏర్పడిన పరిశోధన, డిజైన్లు, ప్రమాణాల సంస్థ, అనగా మనమందరం ఆర్.డి.ఎస్.ఓ. అని పిలిచే సంస్థ వున్నది. షెడ్లో ఫోర్‌మన్ రాసిన లోపాల నివేదిక పై ఆఫీసులకు వెళ్ళేది. అక్కడ దానిని చదివే ఇంజనీరు మరుసటి యేడూ ఆ కుర్చీలోనే వుండేవాడు. లోహాన్ని పరీక్షించే ప్రయోగశాల సహాయకుడు, నమూనా గీసే డ్రాఫ్ట్స్‌మన్, పరీక్షా బండిలో కొలతలు తీసుకునే టెక్నీషియన్ – వీరంతా నెల జీతంపై, సర్వీసు పుస్తకంపై, పెన్షను హక్కుపై పనిచేసినవారు. బదిలీ అయిన పరిజ్ఞానం వారి తలలలో, చేతులలో నిలిచింది. డ్రాయింగు కాగితాలు బీరువాలో వుంటాయి. పరిజ్ఞానం బీరువాలో వుండదు.

మరొక ఉదాహరణ చూడండి. 1993లో ఎ.బి.బి. కంపెనీతో మూడు ఫేజుల విద్యుత్ ఇంజన్ల ఒప్పందం కుదిరింది. కొన్ని ఇంజన్లు తయారయి వచ్చాయి, కొన్ని విడి భాగాలుగా వచ్చాయి, ఆపైన పరిజ్ఞానం చిత్తరంజన్ కర్మాగారానికి బదిలీ అయినది. 1998 నవంబరులో గూడ్సు బండ్ల కొరకు డబ్ల్యు.ఎ.జి.–9 చిత్తరంజన్‌లో తయారయినది. ఒప్పందంలో వున్నది ఆ గూడ్సు ఇంజను, దానితోపాటు డబ్ల్యు.ఎ.పి.–5 అనే ప్రయాణీకుల ఇంజను. మరి నేడు దేశమంతటా ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగుతున్న డబ్ల్యు.ఎ.పి.–7 ఎక్కడిది? లాలాగూడ షెడ్డులో మన సోదరులు నిత్యం చూసుకునే ఆ ఇంజను అమ్మినవాని జాబితాలో లేదు. గూడ్సు ఇంజను గేరు నిష్పత్తిని మార్చి, ప్రయాణీకుల బండికి తగినట్లు మన కర్మాగారంవారే దానిని రూపొందించుకున్నారు. పరిజ్ఞానం బదిలీ అంటే యిదీ. "ఎట్లా చేయాలి" అన్నది అమ్మినవాడు చెబుతాడు. "ఎందుకు అట్లా చేయాలి" అన్నది ఎవరూ చెప్పరు. దానిని మనమే తవ్వుకోవాలి. తవ్వడానికి మనుషులు కావాలి, వారికి సమయం కావాలి, రేపు ఉద్యోగం వుంటుందన్న నమ్మకం కావాలి.

ఇప్పుడు కొత్త పద్ధతికి వద్దాం. 2015లో మధేపురాలో పన్నెండు వేల అశ్వశక్తి ఇంజన్లు 800 తయారు చేయడానికి ఆల్‌స్టోమ్ కంపెనీతో ఒప్పందం జరిగింది. కర్మాగారం సంస్థలో కంపెనీ వాటా 74 శాతం, రైల్వే వాటా 26 శాతం. 2023 జనవరిలో దాహోద్‌కు సంబంధించి సీమెన్స్ కంపెనీతో మరొక ఒప్పందం: తొమ్మిది వేల అశ్వశక్తి ఇంజన్లు 1,200, తయారీకి పదకొండేండ్లు, నిర్వహణకు ముప్ఫై అయిదేండ్లు. కర్మాగారం రైల్వేది. నిర్వహణ డిపోలు కూడా రైల్వేవే: విశాఖపట్నం, రాయపూర్, ఖరగ్‌పూర్, పూణే. బిగించే మనుషులను, మరమ్మతు చేసే మనుషులను రైల్వే సమకూరుస్తుంది. డిజైన్ మాత్రం కంపెనీది!

విశాఖ సోదరులు దీనిని మరొక్కసారి చదవవలెనని నా విజ్ఞప్తి. డిపో మనది, చేతులు మనవి, చెమట మనది. బోల్టు ఎంత బిగించాలో మనకు చెబుతారు. ఆ బోల్టు అక్కడ ఎందుకున్నదో తెలుసుకోవలసిన ఉద్యోగం మనది కాదు. ముప్ఫై అయిదేండ్లంటే ఒక మనిషి ఉద్యోగంలో చేరి పదవీ విరమణ పొందేటంత కాలం. ఒక తరం మొత్తం స్పానరు పట్టుకొని ప్రవేశించి స్పానరుతోనే బయటికి పోతుంది. ఆల్కో ఇంజనుతో మన పెద్దలు చేసిన పని ఈ ఇంజనుతో మన పిల్లలు చేయగలరా? వారికి తెలివి తక్కువై కాదు, ఆ పని చేసే కుర్చీ వారికి వేయడం లేదు గనుక అడుగుతున్నాను.

విదేశీ కంపెనీలతో ఒప్పందమే వద్దని నేను వాదించడం లేదు. మద్రాసు పెరంబూరులోని పెట్టెల కర్మాగారం 1955లో స్విస్ పరిజ్ఞానంతోనే ప్రారంభమయినది. ఆ కర్మాగారమే 2018లో పద్దెనిమిది మాసాలలో, స్వంత డిజైన్‌తో, ఇంజను లేకుండా నడిచే బండిని బయటికి తెచ్చింది. ట్రెయిన్–18 అని పేరు పెట్టారు. 2019 జనవరిలో వందే భారత్ అయినది. పేరు మార్చినవారు ఆ పేరును దేశమంతటా చాటారు. మంచిదే. కాని అరువది మూడేండ్లు ఆ కర్మాగారంలో పేరుకొన్న పనితనం లేకుండా పద్దెనిమిది మాసాలలో ఆ బండి రాదు. ఆ పనితనానికి బహుమానం ఏమిటి? అదే వందే భారత్ బండ్ల పడక పెట్టెలకు 2023లో ఒప్పందాలు కుదిరినప్పుడు, తయారీయే గాక ముప్ఫై అయిదేండ్ల నిర్వహణ కూడా బయటి కంపెనీల కూటముల చేతికి పోయింది.

కవచ్ కథ మన ప్రాంతంలో జరిగిన కథ. బండ్లు ఢీకొనకుండా ఆపే ఈ వ్యవస్థకు ఆర్.డి.ఎస్.ఓ. 2012లో శ్రీకారం చుట్టింది. దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి – వికారాబాద్ పరిసరాల మార్గాలలో పరీక్షలు జరిగాయి. 2016లో ప్రయాణీకుల బండ్లపై క్షేత్ర పరీక్షలు మొదలయినాయి. అనుమతి పొందిన తొలి మూడు కంపెనీలూ హైదరాబాదువే. 2020లో దేశానికంతటికీ యిదే వ్యవస్థ అని ప్రకటించారు. తొలుత అమర్చినది మన జోనులోనే, 1,465 కిలోమీటర్ల మార్గంలో. పరీక్షకు బండి నడిపినది మన లోకో పైలట్లు. పట్టాల మధ్య ట్యాగులను కాచినది మన సిగ్నల్ ఉద్యోగులు. ఏ మలుపులో రేడియో అందడం లేదో, ఏ వానకు ఏ పెట్టెలోకి నీరు వస్తున్నదో ముందుగా చెప్పేది కూడా వీరే. సికింద్రాబాదులో సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణాలయం ఇరిసెట్ వున్నది. అక్కడ కవచ్ అధ్యయన కేంద్రం నెలకొన్నది. ఇన్ని వున్నచోట, కవచ్ అభివృద్ధికి, పరీక్షకు, మార్పులకు శాశ్వత పదవులు సృష్టించి, అనుభవం గల సిగ్నల్ ఉద్యోగులకు శాఖాపరమైన పరీక్ష ద్వారా అందులో కొంత భాగాన్ని కేటాయించమని అడగడం దురాశ అవుతుందా?

ఇది పదోన్నతుల తగాదా మాత్రమే కాదు. 2023 జూన్ 2న బాలాసోర్ వద్ద జరిగిన ఘోర ప్రమాదాన్ని ఎవరు మరువగలరు? సిగ్నల్ సర్క్యూట్ మార్పులలో జరిగిన లోపాలే కారణమని భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. తరువాత అరెస్టయినవారు సిగ్నల్ విభాగపు క్షేత్ర ఉద్యోగులు ముగ్గురు. తప్పెవరిదో న్యాయస్థానం తేలుస్తుంది. నేను చెప్పేది ఒక్కటే: యంత్రం నానాటికీ జటిలమవుతున్నది, దాని మర్మం తెలిసిన మనిషి నానాటికీ కంపెనీ గూటికి పోతున్నాడు, బాధ్యత మాత్రం గేటు దగ్గర వైరు పట్టుకున్న మనిషి మెడకే చుట్టుకుంటున్నది.

తపాలా సోదరులు యిదంతా రైలు గోడు అనుకోరాదు. వారి శాఖలో పాఠం మరింత స్పష్టంగా వున్నది. 2013లో తపాలా శాఖ కంప్యూటరు వ్యవస్థను సుమారు 1,100 కోట్ల రూపాయల ఒప్పందంపై టి.సి.ఎస్.కు అప్పగించింది. సర్వరు నిలిచిపోయిన రోజులలో కౌంటరు ముందు జనం చేత మాటలు పడినది ఆ కంపెనీవారు కాదు, పోస్టల్ అసిస్టెంట్లు. అటువంటి శాఖలోనే మైసూరులో తపాలా సాంకేతిక కేంద్రం వున్నది. శాఖ స్వంత కేంద్రమది. 2025 ఆగస్టు 4 నాటికి దేశంలోని తపాలా కార్యాలయాలన్నీ ఆ కేంద్రం తయారుచేసిన వ్యవస్థలోనికి మారినాయి. మారిన తొలి రోజులలో కష్టాలు పడలేదని కాదు. కౌంటరులో వున్నవారికి నేను చెప్పనవసరం లేదు. కాని లక్షా అరవై వేలకు పైగా కార్యాలయాలను నడిపే వ్యవస్థను శాఖ తన యింటిలోనే వండుకోగలదని తేలిపోయింది. అటువంటప్పుడు ఆ కేంద్రాన్ని విస్తరించి, ప్రతి సర్కిల్‌లో దానికొక శాఖను నెలకొల్పి, శాశ్వత పదవులు ఎందుకు ప్రకటించరాదు? కంప్యూటరు పట్టాలు పుచ్చుకొని సార్టింగు టేబుళ్ళ దగ్గర, బ్రాంచి పోస్టాఫీసులలో కూర్చున్న యువకులు ఈ శాఖలో ఎంతమంది వున్నారో లెక్క తీసినవారున్నారా?

ఇక్కడ మన లోపం కూడా ఒప్పుకోవాలి. 1980 దశకంలో కంప్యూటరు వస్తున్నదంటే కార్మిక సంఘాలు ఎర్రజెండాలు పట్టుకొని ఎదురు నిలిచాయి. ఉద్యోగాలు పోతాయన్న భయం అబద్ధం కాదు, ఎన్నో పోయాయి. కాని ఆ యంత్రాన్ని తయారు చేసే ఉద్యోగాలు ఎవరివి అన్న ప్రశ్నను మనం గట్టిగా అడగలేదు. రైల్వే 1986లో క్రిస్ అనే స్వంత కంప్యూటరు సంస్థను ఏర్పరచుకున్నది. రిజర్వేషన్ కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపే కాన్సర్ట్ అనే వ్యవస్థను ఆ సంస్థ రూపొందించి, 1994లో మొట్టమొదట సికింద్రాబాదులోనే ప్రవేశపెట్టింది. ఎక్కడి నుండి ఎక్కడికైనా టిక్కెట్టు యివ్వగల పద్ధతి ప్రభుత్వ సంస్థ చేతిలో పుట్టింది. మనం గేటు బయట నినాదాలు యిస్తున్నప్పుడు లోపల మన సహోద్యోగులే కొందరు దానిని రాస్తున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో యిది తెలిసి నాకు సిగ్గు వేసిందని దాచుకోను.

ఇక డబ్బు లేదన్న మాట. 2020–21లో మన దేశం పరిశోధన, అభివృద్ధిపై చేసిన ఖర్చు జాతీయోత్పత్తిలో 0.64 శాతం. ఇది సిగ్గుచేటని ప్రభుత్వమే అంటుంది. అంటూ ఏమి చేసింది? 2023లో జాతీయ పరిశోధన ప్రతిష్ఠానం చట్టం తెచ్చింది. అయిదేండ్లలో 50,000 కోట్లు అన్నది. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుండి రావాలని అంచనా. ప్రైవేటువారు యివ్వకపోతే? 2025 జూలైలో లక్ష కోట్ల రూపాయల పథకానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇది ప్రైవేటు రంగం పరిశోధన చేయడానికి తక్కువ వడ్డీకి, వడ్డీ లేకుండా కూడా, దీర్ఘకాలపు అప్పులు సమకూర్చే పథకం. లక్ష కోట్లు వెచ్చించగల ఖజానా, ఆ రసాయనశాస్త్రపు అమ్మాయికి మూడు నెలల జీతమిచ్చి కంపెనీవారి ఫోనుకు జవాబు చెప్పించలేకపోయిందన్నమాట!

రైల్వే వారు 2022 జూన్‌లో స్టార్టప్‌ల కొరకు ఒక విధానం ప్రకటించారు. సమస్య రైల్వే చెబుతుంది. ఖర్చులో సగం, కోటిన్నర రూపాయల వరకు, రైల్వే యిస్తుంది. పరీక్షకు పట్టాలు, బండ్లు రైల్వేవే. ఆవిష్కరణపై హక్కు మాత్రం ఆవిష్కర్తదే. చిన్న సంస్థలను ప్రోత్సహించడాన్ని నేను తప్పుపట్టను. అదే సమస్యను షెడ్డులో పదేండ్లుగా రోజూ ఎదుర్కొంటున్న టెక్నీషియన్‌కు అటువంటి కోటిన్నరలో పదవ వంతు, ఆరు మాసాల సెలవు, ఒక ప్రయోగశాల యిచ్చి చూస్తే తప్పా?

శాశ్వత ఉద్యోగమిస్తే పరిశోధకుడు సోమరి అవుతాడని కొందరు పండితులు అంటున్నారు. ప్రభుత్వ పరిశోధనాలయాలలో నిద్రపోయిన ఫైళ్ళు లేవని నేనూ అనను. పరిశోధనాలయాల ఫలితాలను పరిశ్రమకు చేర్చడానికి జాతీయ పరిశోధన అభివృద్ధి కార్పొరేషన్ 1953లోనే వెలసింది. చేర్చినవి వున్నాయి, అటక మీద మిగిలినవీ వున్నాయి. కాని సి–డాట్ సంగతి వారు మరచినట్లున్నారు. 1984లో పుట్టిన ఆ ప్రభుత్వ సంస్థలోకి పాతికేండ్ల లోపు, పాతికేండ్ల పైన వున్న కుర్రవాళ్ళను పెద్ద ఎత్తున ఉద్యోగాలలోకి తీసుకున్నారు. మూడేండ్ల గడువు, 36 కోట్ల రూపాయలు. మన పల్లెల ఎండకు, దుమ్ముకు తట్టుకొని, చల్లబరిచే యంత్రం లేకుండా పనిచేసే 128 లైన్ల చిన్న ఎక్స్చేంజిని తయారు చేశారు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది నిలిపారు. ఆ పరిజ్ఞానాన్ని దేశంలోని అనేక కంపెనీలకు బదిలీ చేశారు. వాటిని ఊరూరా నిలబెట్టి నడిపినవారు మన టెలికం సోదరులు. కంపెనీలకు పని దొరికింది, టెలికం శాఖకు పదవులు దొరికాయి, పల్లెకు ఫోను దొరికింది.

ఇప్పుడు పరిశోధక విద్యార్థికి యిస్తున్నదేమిటి? జూనియర్ ఫెలోషిప్‌ను 31,000 నుండి 37,000 రూపాయలకు 2023లో పెంచారు, అదీ వారు ఆందోళన చేసిన తరువాత. అది జీతం కాదు గనుక భవిష్యనిధి లేదు, సర్వీసు లెక్క లేదు. ముప్ఫై అయిదేండ్లు వచ్చేసరికి ఆ యువకుడు దేనికి దరఖాస్తు పెట్టాలి? 2018లో రైల్వే నియామక బోర్డులు లక్షకు పైగా ఉద్యోగాలు ప్రకటిస్తే రెండు కోట్లకు మించి దరఖాస్తులు వచ్చాయి. పట్టభద్రులు, ఇంజనీర్లు గ్యాంగులో సుత్తి పట్టడానికి వరుస కట్టారు. సుత్తి పట్టే పని నీచమని నేనెన్నడూ అనను, నా సహోదరుల అన్నం అది. చదివించిన చదువును ప్రజల ధనంతోనే పారబోయడాన్ని నీచమంటాను.

ఫెడరేషన్ కార్యవర్గం ముందు నేను వుంచబోయే కోరికలు యివి. పరిజ్ఞాన బదిలీ ఒప్పందం ప్రతిదానిలోనూ, ఆ పరిజ్ఞానాన్ని స్వీకరించే శాశ్వత పదవులెన్ని, ఏ స్థాయిలో, ఏ ఊరిలో అన్నది సంతకానికి ముందే రాయాలి. రాయని ఒప్పందాన్ని గుర్తింపు సంఘాలు సంప్రదింపుల సమావేశంలో నిలదీయాలి. దాహోద్ ఇంజన్ల నిర్వహణలో వున్న ఉద్యోగులకు డిజైన్ శిక్షణ పొందే హక్కు వుండాలి. ప్రయోగశాలలు, డ్రాయింగు ఆఫీసులు, పరీక్షా విభాగాలలో వున్న ఖాళీలను "అవసరం లేనివి" అని రద్దు చేయడం ఆపాలి. ప్రాజెక్టు నియామకాలపై పనిచేసిన పరిశోధకులకు శాశ్వత నియామకాలలో వయసు సడలింపు, అనుభవానికి గుర్తింపు యివ్వాలి. వారిని మన సంఘాలలో సభ్యులుగా చేర్చుకొనే మార్గం కూడా మనం వెదకాలి. వారిది ఒంటరి పోరాటం అయినంత కాలం వారి ప్రకటనలలో ఆ చిన్న అక్షరాలు అట్లాగే వుంటాయి.

దీనికి లెక్కలు కావాలి. మంత్రిగారి లెక్కలు కాదు, మన లెక్కలు. బ్రాంచి కార్యదర్శులు తమ షెడ్డు, వర్క్‌షాపు, డిపో, సర్కిల్ ఆఫీసులలో పరీక్ష, డిజైన్, ప్రయోగశాల, కంప్యూటరు విభాగాలకు మంజూరైన పదవులెన్ని, ఖాళీగా వున్నవెన్ని, ఎప్పటి నుండి ఖాళీ, ఆ పనిని నేడు ఏ కాంట్రాక్టరు మనిషి చేస్తున్నాడు అన్న వివరాలు సేకరించి, సర్వసభ్య సమావేశానికి ముందుగా ఫెడరేషన్ కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాను. తపాలా సోదరులు ఒక పోస్టుకార్డుపై రాసి పంపినా చాలును.